ఆ మెడను రుద్దడం ఆపండి

“స్నానం చేస్తున్నావా, నీళ్లు తగిలించుకుని వస్తున్నావా? ఆ మెడ చూడు ఎట్లా ఉందో!” ఈ మాట పడకుండా ఇంటర్ దాటిన నల్లమెడ పిల్ల మన దగ్గర ఉండదు. తల్లి అంటుంది. తల్లి ఊరుకుంటే మేనత్త అంటుంది. ఇద్దరూ ఊరుకుంటే పెళ్లి భోజనాల దగ్గర వెనక నిలబడ్డ, ఏ వరసో కూడా తెలియని పెద్దావిడ అంటుంది. ఆ రాత్రే మొదలు: సున్నిపిండి, నిమ్మచెక్క, వంటసోడా, పెరుగులో శనగపిండి. అవేవీ పనిచేయకపోతే ఒళ్లు రుద్దే పీచు. పిల్ల మెడ కందిపోతుంది, మంట పుడుతుంది, నెల తిరిగేసరికి ఇంకాస్త నల్లబడుతుంది. “సరిగ్గా రుద్దుకోవట్లేదు, అందుకే” అని మళ్లీ అదే తిట్టు.

అది మురికి కాదు తల్లీ. చాలాసార్లు అది ఆ పిల్ల రక్తంలో ఇన్సులిన్ హద్దు దాటి ఉందనడానికి గుర్తు. వైద్యులు దాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద చర్మం మందమై, గీతలు తేలి, నల్లబడుతుంది. చుట్టూ చిన్న చిన్న పులిపిర్లు లేస్తాయి. అక్కడ అసలు రంగు పేరుకోవడం కంటే చర్మం పై పొర మందమవడమే ఎక్కువ. రాపిడి తగిలిన కొద్దీ ఆ మందం పెరుగుతుంది. శుభ్రం పేరుతో మనం చేసేదల్లా ఆ పెరుగుదలకు సాయం చేయడమే.

ఈ నల్లమెడ ఒక్కటే రాదు. దవడల వెంబడి, గడ్డం మీద నొప్పి పెట్టే మొటిమలు. ఇరవై అయిదేళ్లొచ్చినా తగ్గవు. పై పెదవి మీద, గడ్డం కింద, పొట్ట మీద నల్లటి ముదురు వెంట్రుకలు. నడినెత్తిన మాత్రం పాపిట వెడల్పవుతూ జుట్టు పలచబడుతుంది. మొటిమలకు మందుల షాపు, వెంట్రుకలకు పార్లరు, జుట్టుకు టీవీలో చూపించిన నూనె, మెడకు సున్నిపిండి. నాలుగూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని, దాని పేరు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ కావచ్చని ఆ పిల్లకు చెప్పేవారు ఒక్కరూ ఉండరు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించకుండా గట్టు తుడుచుకుంటూ కూర్చున్నాం, ఊరు ఊరంతా.

నా కోపం దేని మీదో ముందే చెప్పేస్తాను. ఆడపిల్ల చర్మం మీద ఏం కనిపించినా మనం దాన్ని పెళ్లిచూపుల కళ్లతోనే చూస్తాం. వచ్చినవాళ్లకు కనపడుతుందా, పౌడరుతో కప్పెయ్యొచ్చా, ఫోటోలో తెలుస్తుందా. ఆ పిల్లకు ముప్పై దాటకుండానే షుగర్ వస్తుందేమో అన్న ప్రశ్న ఎవరికీ రాదు. ఈ చూపు మీద బతికే వ్యాపారాలు బోలెడు. వాటికి ఈ జబ్బు బయటపడకపోవడమే లాభం.

చర్మం లోపలి జబ్బును చెబుతుందన్నది నూరేళ్ల క్రితమే తెలిసిన సంగతి. 1921లో పారిస్ వైద్యులు అషార్, టియేర్ గడ్డం మొలిచిన స్త్రీలలో మధుమేహం గురించి రాశారు. ముఖం మీది వెంట్రుకకూ రక్తంలోని చక్కెరకూ ఏదో లంకె ఉందని వాళ్లకు అప్పుడే తోచింది. 1935లో చికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనే ఇద్దరు స్త్రీవైద్య నిపుణులు ఏడుగురు స్త్రీల గురించి రాస్తే ఈ జబ్బుకు ఒక రూపం వచ్చింది. ఆ తర్వాత లోకమంతా అండాశయాల వైపే చూస్తూ కూర్చుంది. చర్మం ఏం చెబుతోందో వినడం మానేసింది.

లోపల జరిగేది ఇదీ. కొందరి ఒంట్లో కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు. చక్కెరను అదుపులో ఉంచడానికి క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. కొన్నేళ్లపాటు షుగర్ రిపోర్టు బాగానే వస్తుంది. ఇన్సులిన్ మాత్రం పెరుగుతూ పోతుంది. కండరం వినకపోయినా చర్మం వింటుంది. చర్మకణాలు విపరీతంగా పెరిగి మెడ నల్లబడుతుంది. అండాశయమూ వింటుంది. అక్కడ టెస్టోస్టెరాన్ లాంటి పురుష హార్మోన్లు తయారవడం ఎక్కువవుతుంది. మామూలుగా కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్ రక్తంలోని టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచుతుంది. ఇన్సులిన్ ఎక్కువైతే కాలేయం ఆ ప్రొటీన్‌ను తగ్గించేస్తుంది. దాంతో పట్టు తప్పిన హార్మోను వెంట్రుకల కుదుళ్ల దాకా వెళ్తుంది. అక్కడ ఒక ఎంజైమ్ దాన్ని ఇంకా బలమైన డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుంది. అదే హార్మోను గడ్డం మీది నూగును ముదురు వెంట్రుకగా మారుస్తుంది, నడినెత్తి మీది వెంట్రుకను సన్నబరుస్తుంది, నూనె గ్రంథులను రెచ్చగొట్టి మొటిమలు లేపుతుంది. కుదుళ్లు ఈ హార్మోనుకు ఎంతగా స్పందిస్తాయన్నది మనిషిని బట్టి మారుతుంది. అందుకే ఒకమ్మాయికి రక్తపరీక్ష మామూలుగా వచ్చి కూడా గడ్డం మీద వెంట్రుకలు ఉండొచ్చు. “రిపోర్టులు నార్మల్, నీది మనసులో భయం” అని పంపేసే పెద్దమనుషులు ఈ సంగతి తెలిసే అలా అంటున్నారా అన్నది నా అనుమానం.

ఈ పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ ఎంతమందికి? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన దేశవ్యాప్త అధ్యయనం 2024లో వచ్చింది. 18 నుంచి 40 ఏళ్ల స్త్రీలలో, కఠినమైన కొలమానంతో చూస్తే 7.2 శాతం, ఉదారమైన కొలమానంతో చూస్తే 19.6 శాతం. చిన్న అంకెనే తీసుకున్నా, వందమంది అమ్మాయిలున్న హాస్టల్లో ఏడుగురు. ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బున్న స్త్రీలలో 70 శాతం దాకా తమకది ఉందని తెలియకుండానే బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ తెలియనివాళ్లలో ఎంతమంది ఇవాళ మెడకు నిమ్మచెక్క రుద్దుకుంటున్నారో ఊహించండి.

ఇప్పుడు మందుల షాపు. పిల్ల వెళ్లి “అన్నా, మొహానికి ఏదైనా క్రీము ఇవ్వు” అంటుంది. ఆయన ఆలోచించడు, చెయ్యి అలవాటుగా ఆ అర వైపు పోతుంది. బీటామెథాసోన్, క్లోబెటసాల్, లేదా హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ మూడూ కలిపిన ట్యూబు. వారంలో మొహం తెల్లబడి నున్నగా అవుతుంది. ఇంట్లో అందరికీ సంతోషం. మూడో నెలకు చర్మం పలచబడి కింద ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి. ఎండలోకి వెళ్తే మంట, పొయ్యి దగ్గర నిలబడితే మంట. మానేస్తే ఒక్కసారిగా మొటిమలు విజృంభిస్తాయి, కాబట్టి మళ్లీ అదే ట్యూబు. అసలు దౌర్భాగ్యం ఏమిటంటే, స్టెరాయిడ్ క్రీము తానే మొటిమలు లేపుతుంది, తానే మొహం మీద వెంట్రుకలు పెంచుతుంది. ఏ రెండు బాధలు తీర్చమని ఆ పిల్ల డబ్బు పెట్టిందో ఆ రెండూ రెట్టింపై తిరిగొస్తాయి. ఇలా పాడైన మొహాలకు మన దేశపు చర్మవైద్యులే ప్రత్యేకంగా ఒక రోగనామం పెట్టాల్సి వచ్చింది. అన్ని మొహాలు చూశారు వాళ్లు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి చర్మపు స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. ఏ ఊరి బస్టాండు సెంటర్లోనైనా నిలబడి అడిగి చూడండి, చీటీ ఎవడైనా అడుగుతాడేమో.

తెల్లదనం అమ్మేవాళ్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారుకొచ్చింది. 45 ఏళ్లు నల్లపిల్లకు ఉద్యోగం రాదు, మొగుడు రాడు అని చెప్పీ చెప్పీ, 2020లో లోకం మొహం మీద ఉమ్మేసేలా ఉందని గ్రహించి గ్లో అండ్ లవ్లీ అయింది. దీనికంటే ఘోరమైనవి పేరూ ఊరూ లేని డబ్బాలు. వాటిలో పాదరసం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో వైద్యులు మూత్రపిండాల జబ్బుతో వచ్చినవాళ్లను ఆరా తీస్తే ఇలాంటి తెల్లబరిచే క్రీములు బయటపడ్డాయి. మెడ నలుపు పోగొట్టుకోబోయి కిడ్నీ పోగొట్టుకోవడం! దీనికి నా దగ్గర కొత్త తిట్టు లేదు.

ఇక వెంట్రుకల సంగతి. ఇక్కడ తల్లులతో కొంచెం పోట్లాడాలి. “రేజర్ పెట్టకు, ముదురుతుంది, మగాడిలా వస్తుంది.” ఏ తల్లి అయినా ఇంత గట్టిగా నమ్మే అబద్ధం ఇంకోటి లేదు. రేజర్ చర్మం పైన ఉన్న వెంట్రుకను కోస్తుంది, అంతే. కుదురు ఎక్కడో లోపల ఉంటుంది, దానికి బ్లేడు తగిలిందన్న కబురు కూడా తెలియదు. కోసిన చివర మొద్దుగా ఉంటుంది కాబట్టి గరుకుగా తగులుతుంది. వెంట్రుక ముదరడానికి కారణం లోపలి హార్మోను. గడ్డం మీద మొటిమలున్న పిల్లకు దారంతో పీకడం, వ్యాక్స్ వేయడం కంటే జాగ్రత్తగా గీసుకోవడమే చర్మానికి తక్కువ హాని. కానీ ఆడపిల్ల చేతిలో రేజర్ అంటే మనకు పరువు పోతుంది. పార్లర్లో పది రోజులకోసారి కన్నీళ్లు కారుతుండగా దారంతో పీకించుకుంటే మాత్రం పరువు నిలబడుతుంది.

పరువు అన్నాను కదా, ఇంకో మాట. ఆ మధ్య ఉత్తరాదిలో పరీక్షల్లో అందరికంటే పైన నిలిచిన ఒకమ్మాయి ఫోటో పత్రికల్లో వస్తే, లోకం ఆమె మార్కులు చూడలేదు, పై పెదవి చూసింది. వేలమంది మగవాళ్లు, ఆడవాళ్లు కూడా, ఒక పిల్ల మొహం మీద పడి నవ్వారు. అది జబ్బు కానక్కర్లేదు, వంశపు పోలిక కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. నవ్వినవాళ్లకు మాత్రం మందు లేదు.

లేజర్ సెంటర్ల వాళ్లు “శాశ్వతంగా తొలగిస్తాం” అని హోర్డింగులు పెడతారు. వాళ్లు చేసేది వెంట్రుకలను తగ్గించడం. హార్మోను అలాగే పనిచేస్తుంటే కొత్త కుదుళ్లలో కొత్త ముదురు వెంట్రుకలు పుడుతూనే ఉంటాయి. ఈ మాట డబ్బు కట్టించుకునే ముందు చెప్పరు, ప్యాకేజీ అయిపోయాక “మీకు హార్మోన్ల ప్రాబ్లం ఉన్నట్టుంది మేడమ్” అని చెబుతారు. మన చామనఛాయ చర్మానికి ఏ లేజర్ పడితే అది పనికిరాదు. వెలుగును పీల్చే రంగు చర్మంలోనే ఎక్కువ ఉంటే కాలేది చర్మమే. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లాంటి పొడవైన తరంగాలవి నల్లని చర్మానికి మేలు. మిషను ఏమిటి, నడిపేది ఎవరు అని అడగండి. జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

డాక్టర్ల దగ్గరకు రాకుండా ఈ వ్యాసం ఎలా ముగుస్తుంది? అందరినీ అనను. శ్రద్ధగా చూసేవాళ్లు ఉన్నారు, వాళ్లే ఈ చట్రంలో ఎక్కువ విసిగిపోయి ఉన్నారు. కానీ “పెళ్లయితే అదే సర్దుకుంటుందమ్మా” అనే వైద్యం ఏ పుస్తకంలో ఉంది? “పిల్లలు కావాలనుకున్నప్పుడు రండి” అని పంపేసే స్త్రీవైద్యురాలికి, ఎదురుగా కూర్చున్న పంతొమ్మిదేళ్ల పిల్ల మనిషిలా కనిపిస్తోందా, ఖాళీ గర్భసంచిలా కనిపిస్తోందా? చర్మవైద్యుడు మొటిమకు మందు రాస్తాడు, నెలసరి ఎప్పుడొచ్చిందని అడగడు. స్త్రీవైద్యురాలు నెలసరి అడుగుతుంది, మెడ చూడదు. వెంట్రుకలను లెక్కించడానికి 1961 నుంచి ఒక పద్ధతి ఉంది. ఫెరిమన్, గాల్వే అనే వాళ్లది. ఇప్పుడు వాడే రూపంలో ఒంటి మీద తొమ్మిది చోట్ల చూసి ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు వేస్తారు. ఆ పద్ధతికి మన దగ్గర ఒక చిక్కు. డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం కదా అని పిల్ల పొద్దున్నే శుభ్రంగా పీకించుకుని వెళ్తుంది. సిగ్గు మరి. “వెంట్రుకలు లేవు” అని కాగితం మీద పడుతుంది. “ఇంట్లో ఏమైనా తీసుకుంటావా అమ్మా?” అని ఒక్క ప్రశ్న అడగడానికి ఎంత సేపు పడుతుంది?

దీనికి ఎదురుగా ఇంకో తప్పూ నడుస్తోంది. ఈడేరి రెండేళ్లు కాని పిల్లకు స్కానింగు చేసి “నీటి బుడగలు ఉన్నాయి” అని చేతికి కాగితం ఇచ్చి ఇల్లంతా గగ్గోలు పెట్టించడం. ఆ వయసులో ఆరోగ్యమైన అండాశయాలూ అలాగే కనిపిస్తాయి. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి: టీనేజీ పిల్లల్లో స్కానింగును పట్టుకుని ఈ జబ్బును తేల్చకూడదు. ఆ మార్గదర్శకాలే ఇంకో మాట చెప్పాయి: ఈ జబ్బు తేలిన ప్రతి స్త్రీకీ, లావుగా ఉన్నా బక్కగా ఉన్నా, అప్పుడే చక్కెర పరీక్ష చేయాలి, ఆ తర్వాత ఒకటి నుంచి మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసే పరీక్ష అన్నిటికంటే మేలు. మనసులో దిగులు, ఆందోళన ఉన్నాయేమో కూడా అడగాలి. చేయాల్సింది మానేసి చేయకూడనిది చేయడంలో మన స్కానింగు సెంటర్లకు సాటి లేదు.

మందు రాసినా కథ అక్కడితో ఆగదు. గర్భనిరోధక మాత్ర రాస్తే ఇంట్లో పిడుగు పడుతుంది. “పెళ్లి కాని పిల్లకా?” కాగితం మడిచి పర్సులో దాచేస్తారు, మేనత్త కంట పడుతుందని. ఆ మాత్ర ఇక్కడ చేసే పని వేరు: టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను పెంచుతుంది, అండాశయంలో ఆ హార్మోను తయారీని తగ్గిస్తుంది. మొటిమలు ముందు తగ్గుతాయి. వెంట్రుకల విషయంలో ఆరు నెలలైనా ఓపిక పట్టాలి, ఎందుకంటే ఒక వెంట్రుక బతుకు అంత పొడవు. రక్తపోటు, రక్తం గడ్డకట్టే తత్వం, ఒక రకం పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకు ఇది పడదు, కాబట్టి డాక్టరు అడగాల్సినవి అడిగి రాయాలి. స్పైరనోలాక్టోన్ రాస్తే గర్భం రాకుండా చూసుకోవాలి, పుట్టబోయే బిడ్డకు హాని. మెట్‌ఫార్మిన్ చక్కెరకు మంచిది, గడ్డం మీది వెంట్రుకలకు దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. బరువు ఎక్కువ ఉంటే అయిదు శాతం తగ్గినా ఒంట్లో తేడా తెలుస్తుంది, మెడ నలుపు కూడా వెనక్కి తగ్గుతుంది. కొద్ది నెలల్లోనే గొంతు బొంగురుపోయి, వెంట్రుకలు విపరీతంగా పెరిగితే మాత్రం ఆగకూడదు. అది గడ్డ కావచ్చు, వెంటనే పెద్ద డాక్టరుకు చూపించాలి.

“బరువు తగ్గు” అని పిల్లను అనడం తేలిక. ఆ పిల్లను ఎక్కడ పెట్టామో చూశామా? పదో తరగతి అయిన మర్నాడే ఆటస్థలం లేని అపార్టుమెంటు కాలేజీలో వేస్తాం. తెల్లవారకముందు లేపి, రాత్రి దాకా కుర్చీలోంచి లేవనివ్వకుండా, ప్లేటు నిండా తెల్లన్నం, నీళ్ల సాంబారు పెట్టి రెండేళ్లు ర్యాంకు కోసం మగ్గబెడతాం. ఈ జబ్బును అదే పుట్టిస్తుందని నేను అనను, వంశంలోంచి వచ్చే భాగం పెద్దదే. కానీ ఉన్న ఇన్సులిన్ తిక్కను ముదరబెట్టడానికి ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఎవరైనా చేయగలరా? సీటు వచ్చాక ఫోటో పేపర్లో వేస్తారు. ఆ ఫోటోలో మెడ కనపడదు.

ప్రభుత్వమా? కేంద్రం దేశమంతటా నడిపే షుగరు, బీపీ పరీక్షల కార్యక్రమం 30 ఏళ్లు నిండినవాళ్లకే. పదిహేడేళ్ల పిల్ల మెడ మీద గుర్తు ఇవాళే ఉంది, ఆ లెక్కలో ఆమె వంతు పదమూడేళ్ల తర్వాత వస్తుంది. అమెరికాలోని టెక్సస్‌లో, మెక్సికో సరిహద్దు వైపు బడుల్లో, ఏటా కొన్ని తరగతుల పిల్లల చూపు, వినికిడి పరీక్షించే రోజే మెడ వెనక కూడా చూస్తారు. నల్లగా ఉంటే తల్లిదండ్రులకు కాగితం పంపుతారు. దానికి యంత్రం అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు, జడ పక్కకు జరిపితే చాలు. మన ప్రభుత్వ బడులకు ఏడాదికోసారైనా ఆరోగ్య బృందాలు వెళ్తాయి కదా. ఆ నర్సుకు, ఏఎన్‌ఎమ్‌కు ఒక పూట శిక్షణ ఇస్తే సరిపోయే పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య మంత్రులిద్దరినీ అడుగుతున్నాను: ఈ పని చేయకపోవడానికి మీ దగ్గర ఒక్క కారణం ఉంటే చెప్పండి.

వాళ్లు చెప్పేదాకా కూర్చోకండి. ఇంట్లో పిల్లకు మెడ నల్లబడి, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంటే, సున్నిపిండి డబ్బా పక్కన పెట్టి ఆమెను పరగడుపున దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. షుగర్ పరీక్ష అక్కడ ఉచితం. కుదిరితే గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, ప్రొలాక్టిన్ కూడా చేయించండి. దారిలో మాత్రం ఆమెను ఏమీ అనకండి.